డబ్బాలో ఎడమచెయ్యి

మొదటి జీతాల్లో మిగిల్చుకుని నేను ఇంటికి స్టీరియో తెచ్చాను. ఒక ఆంప్లిఫయరు, ఒక టేప్ డెక్కు, రెండు స్పీకర్లు. నల్లమాడ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్త. పెళ్ళి కాలేదు. కాబట్టి నా జీతం మీద ఊళ్ళో ప్రతివాళ్ళకూ ఒక సలహా ఉండేది. ఆడపిల్ల గాజులు చేయించుకోవాలి గానీ డబ్బాలు కొంటుందా అన్నారు. నాకు ఒక్క మనిషి మెప్పు చాలు. ఆ మనిషి, అంటే మా నాయన, పంచలో మంచం మీద కూర్చుని ఒక పాట చివరిదాకా విన్నాడు. విని, భుజం మీది టువాలు దులుపుకుని లేచాడు.

"బాగుండాది పాపా. కానీ దాంట్లో ఎడమచెయ్యి ల్యా."

నాయన మెట్టసేద్యం చేసేవాడు. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని గుర్తుపట్టేది మద్దెలతోనే. మా ఊరి భజన గుంపుకు ఆయనే మద్దెల. కుడిపక్క పలుకు, ఎడమపక్క బరువు అనేవాడు. వాయించే ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి ఎడమ మూత నడుమ అతికించేవాడు. కొట్టి చూసేవాడు. కొంచెం చిదిమి తీసేవాడు, మళ్ళీ కొట్టేవాడు, మళ్ళీ కాస్త అద్దేవాడు. అమ్మ ఉప్మాకు దాచుకున్న రవ్వంతా మద్దెల తినేసిందని మా ఇంట్లో ఎన్నోసార్లు రభస జరిగింది. ఆ ముద్ద కుదిరితే ఎడమచేతి దెబ్బకు నేల కింద నుంచి ఎవరో పలికినట్టు ఉండేది. నేను కొన్న చిన్న స్పీకర్లలో కుడిచెయ్యి టకటకమని వినపడేది, తాళాలు గలగలమనేవి. ఎడమచెయ్యి మాత్రం నిజంగానే లేదు.

అయితే ఆ మాట నాకు స్టీరియో మీద తీర్పులా వినపడలేదు. పాత కేసు మళ్ళీ వాయిదా పడినట్టు వినపడింది.

ఆ కేసు ఇది. నేను బడికి పోయే రోజుల్లో చిలమత్తూరు వైపు ఒక ఊళ్ళో భజన పోటీలు పెట్టారు. మా గుంపులో మద్దెల నాయనది, తాళాలు మా మామవి. మామ అంటే అమ్మకు సొంత అన్న, మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటాడు. చివరి పాటలో వేగం బాగా పెరిగాక, చరణం తిరిగే చోట, గుంపంతా ఒక్కసారిగా తడబడింది. పోటీ పోయింది. తాళం తప్పిందని నాయన అన్నాడు. మద్దెల తప్పిందని మామ అన్నాడు. కువైట్ నుంచి ఎవరో తెచ్చిన టూ-ఇన్-వన్ టేప్ రికార్డరును అరువు తెచ్చి ఆ రోజు పాటలన్నీ రికార్డు చేసింది నేనే. మద్దెల పక్కనే కూర్చుని మీట నొక్కాను. కాబట్టి సాక్ష్యం నా చేతిలోనే ఉంది.

మర్నాడు మా పంచలో గుంపంతా కూర్చుని ఆ క్యాసెట్ విన్నారు. ఆ చోటు వచ్చేసరికి తాళాలు తడబడటం అందరికీ వినపడింది. మద్దెల ఎడమచెయ్యి ఎవరికీ వినపడలేదు.

"మద్దెల ముందు తప్పింది, దాని వెంట పోయి నేను తప్పినా," అన్నాడు మామ. "తాళం మద్దెలను నమ్ముకోకుండా ఇంకెవుర్ని నమ్ముకుంటాది?"

"నా ఎడమచెయ్యి ఈ డబ్బాలో యాడుండాది బావా? అది వినపడిన్నాడు వచ్చి మాట్లాడు," అన్నాడు నాయన.

మామ ఊరుకునే మనిషి కాదు. "ఆడలేక మద్దెల ఓడనేది విన్నాం. ఈయప్ప మద్దెల చేతకాక తాళం ఓడంటాండాడు!"

పంచంతా నవ్వింది. తప్పు చేశావంటే నాయన కొన్నాళ్ళకు మరిచిపోయేవాడేమో. ఆ నవ్వును మాత్రం మరవలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు వస్తుంటే ఇంకొకరు సందు మారేవాళ్ళు. మద్దెలా తాళమూ మాట్లాడుకోని గుంపు ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆపైన వానలు కూడా మొహం చాటేశాయి. గుంపులో కొందరు కూలి పనులకు బెంగుళూరు పోయారు. నాయన మద్దెలను కొయ్యకు తగిలించాడు, ఎలుకలు తోలు కొరికేశాయి.

నలిగిపోయింది అమ్మ. అన్న ఇంటికి పోతే మొగుడికి కోపం, పోకుంటే అన్నకు కోపం. ఒకసారి బళ్ళో ఏదో గొడవ గురించి అమ్మ దగ్గర వాపోతే, "రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుండాది నీ కత," అంది. "నీకు ఒక పక్కే దెబ్బ. నాకు రెండు పక్కలా."

అందుకే నాకు పట్టుదల వచ్చింది. దాచుకోవడమెందుకు, నాయనే గెలవాలని నా కోరిక. ఆ ఎడమచెయ్యిని బయటికి తీసి, ఇదిగో విను అని మామ ముందు పెట్టి, ఆ నవ్వును వెనక్కి తీసుకునేలా చెయ్యాలనుకున్నాను. క్యాసెట్ నా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. లోతు శబ్దాల కోసం వేరే పెట్టె ఉంటుందని, దాన్ని సబ్ ఊఫర్ అంటారని ఎక్కడో చదివాను. సెలవు రోజు చూసుకుని, క్యాసెట్ సంచిలో వేసుకుని అనంతపురం బస్సెక్కాను.

మొదటి షాపాయన నన్ను చూసి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని వీధిలోకి చూశాడు.

"మీ అన్న రాల్యామ్మా?"

"నాకు అన్న లేడు. నేనే వచ్చినా."

ఆయన సినిమా పాట ఒకటి పెట్టాడు. కౌంటరు మీద టీ గ్లాసు కదిలి పక్కకు జరిగింది. "చూడమ్మా, గ్లాసు నడుస్తాండాది! పక్కింటోళ్ళ గుండెలు అదరాల!" అన్నాడు మురిసిపోతూ. నా క్యాసెట్ పెట్టమన్నాను. భజన అనేసరికి ఆయన మొహం ఉప్పు లేని పప్పు తిన్నట్టయింది. అయినా పెట్టాడు. మొదటిసారి నాయన ఎడమచెయ్యి యంత్రంలోంచి నాకు వినపడింది. కానీ దెబ్బ పడుతోంది గానీ ఆగడం లేదు. ఒకటి ముగియకముందే ఇంకొకటి వచ్చి దాని మీద పడుతోంది.

"నాకు గుండెలు అదరద్దన్నా," అన్నాను. "చెయ్యి ఎప్పుడు పడింది, ఎప్పుడు లేచింది, అది తెలియల్ల."

"అట్లాంటిది ఎవురూ అడగరమ్మా," అన్నాడాయన, నేను బేరం చేస్తున్నాననుకుని.

రెండో షాపులోనూ అదే మోత. మూడో షాపులో ఒక మూల నల్లటి పెట్టె ఉంది, దాని మీద యజమాని భోజనం క్యారియర్. మిగతా పెట్టెలకు ముందు పక్క గాలి పోవడానికి గుండ్రటి రంధ్రం ఉంది. దీనికి లేదు. అన్ని పక్కలా మూసేసి ఉంది. "దాంట్లో దమ్ము ల్యామ్మా. బొక్క ల్యా, గాలి రాదు. ఎవురూ కొనరు," అన్నాడాయన. అయినా పెట్టమన్నాను. క్యారియర్ దింపి, దుమ్ము తుడిచి, తీగలు తగిలించాడు. దెబ్బ పడింది. ఆగింది. మళ్ళీ పడింది. మళ్ళీ ఆగింది. రెండింటి నడుమ ఖాళీ ఉంది. ఆ ఖాళీలోనే నాయన కనపడ్డాడు నాకు, చెయ్యి పైకెత్తి పట్టుకుని.

మొదటి పాట మాత్రమే అక్కడ విన్నాను. చివరి పాట పెట్టనివ్వలేదు. అది మా ఇంటి గొడవ, బజార్లో తేల్చుకునేది కాదు.

బస్సులో ఆ పెట్టెను పైన వేయనివ్వలేదు. నా పక్క సీట్లోనే పెట్టుకున్నాను. "ఏందిమ్మా అది? దానికి సీటెందుకు?" అని కండక్టరు గదమాయించాడు. దానికీ టికెట్ కొట్టమన్నాను. ధర్మవరంలో పట్టుచీరల మూట ఒళ్ళో పెట్టుకుని ఒకామె ఎక్కింది. దిగేదాకా ఆమె మూటను ఆమె, నా పెట్టెను నేను పట్టుకుని కూర్చున్నాం. ఆ రోజు నాకున్న గర్వం ఇంకెప్పుడూ లేదు. కలెక్టరు కారు ఎదురొచ్చినా దారి ఇచ్చేదాన్ని కాదు.

ఇంట్లో అమ్మ పెట్టెకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, టెంకాయ కొట్టింది. ఎత్తి చూసి, "బరువుండాది. నైరుతి మూల పెట్టు," అంది. అటు కిటికీ పక్కన పెడతానంటే ఒప్పుకోలేదు. బరువు నైరుతిలో లేకపోతే ఇల్లు అచ్చిరాదట. పెట్టెకు చోటు వెతికేటప్పుడు చెవితో వెతకాలి. మేం దిక్కుతో వెతికాం. సైన్సు టీచరును, మూలలో పెడితే మోత పెరుగుతుందని తెలియకపోలేదు. పెరిగితే మంచిదే కదా అనుకున్నాను. ఎంత చదివితే ఏం లాభం!

మా ముందు గదికి కింద కడప బండలు, చుట్టూ ఉట్టి రాతిగోడలు. ఒక గోడ నిండా అమ్మ స్టీలు సామాను. క్యాసెట్ పెట్టగానే మొదటి దెబ్బకే గిన్నెలు, చెంబులు, పళ్ళేలు ఒకదానితో ఒకటి కబుర్లు మొదలుపెట్టాయి. ఎడమచెయ్యి వచ్చింది, వచ్చి గదంతా నిండిపోయింది. దెబ్బ మీద దెబ్బ, గుమ్మ్ మీద గుమ్మ్. షాపులో విన్న ఆ ఖాళీ ఏమైపోయిందో! చివరి పాట, ఆ చోటు రానే వచ్చింది. తాళాలు తడబడ్డాయి. మద్దెల ఏం చేసిందో దేవుడికే తెలియాలి. ఒకటే హోరు.

నాయన కాసేపు విన్నాడు. "ఎడమచెయ్యి వచ్చింది గానీ, కల్లు తాగొచ్చింది పాపా," అని చెప్పులేసుకుని చేనికి పోయాడు. పోయేటప్పుడు ఆయన మొహంలో కాస్త తెరిపి కనపడింది. కేసు మళ్ళీ వాయిదా పడింది కదా! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తరువాత నేను చెయ్యని పని లేదు. స్టీలు సామాను సందుల్లో గుడ్డలు కుక్కాను. గోడలకు బొంతలు వేలాడదీశాను. వెనకున్న మీటలు అటూ ఇటూ తిప్పాను. మోత తగ్గిస్తే చెయ్యి మాయమైపోతుంది, పెంచితే కల్లు తాగుతుంది. పెట్టెను మూల నుంచి ఒక మూర ఇవతలికి జరిపితే, నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ మళ్ళీ మూలకు నెట్టేసేది. చివరికి విసిగి ఊరుకున్నాను. అమ్మ దాని మీద పూలకుండీ పెట్టింది. ఎవరైనా ఇంటికొస్తే ఆ పీట బాగుండాదే, యాడ కొన్నారని అడిగేవాళ్ళు. నవ్వేవాళ్ళతో నవ్వాను గానీ లోపల ఏడుపొచ్చేది.

ఆ ఏడు వానలు పడ్డాయి. మా సీమలో ఆ మాట ఊరికే అనే మాట కాదు. పదునుకు పదును తప్పకుండా పడ్డాయి. వేరుశనగ చెట్టు పీకితే కాయలు గుత్తులుగా వేలాడాయి. మూటల మీద మూటలు ఇంటికొచ్చాయి. ఎప్పుడూ వెనక గదిలో వేసేవాళ్ళం. కానీ అంత వానకు ఆ గది మిద్దె కారింది. కాబట్టి మూటలన్నీ ముందు గదిలోకే రావాల్సి వచ్చింది.

"బరువు నైరుతికే," అంది అమ్మ, తన శాస్త్రం ప్రకారమే.

"ఆడ పాప పెట్టె ఉండాది గదా," అన్నాడు నాయన.

అమ్మ ఒకసారి మూటను చూసింది, ఒకసారి నా పెట్టెను చూసింది. "మూటే బరువు," అని తేల్చేసింది. పూలకుండీ దించి, నాయనే పెట్టెను కిటికీ వైపు జరిపాడు. నేను నోరు మెదపలేదు. మెదిపితే మళ్ళీ ఎక్కడ మనసు మార్చుకుంటారోనని. నైరుతి నిండాక రెండో మూల, ఆ తరువాత గోడ పొడవునా, నడుమెత్తు మూటలు పేర్చారు. గదంతా మట్టివాసన, పచ్చికాయ వాసన. మాట్లాడితే గొంతు మెత్తగా, దగ్గరగా వినపడుతోంది. చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు అక్కడికక్కడే చచ్చింది.

ఆదివారం పొద్దున. నాయన మూటల మీద వెల్లకిలా పడుకుని, మిద్దెకు వేసిన చెక్క దంతెలు చూస్తూ ఏదో లెక్క వేసుకుంటున్నాడు. నేనేమీ చెప్పకుండా క్యాసెట్ పెట్టాను, చివరి పాటే.

దెబ్బ పడింది. ఆగింది. ఒక్క గిన్నె కూడా చప్పుడు చెయ్యలేదు. మళ్ళీ పడింది, ఆగింది. ఎడమ మూత మీద రవ్వముద్ద ఎంత అద్దాడో కూడా చెప్పగలిగేలా ఉంది. నాయన కాళ్ళు కిందికి దించి కూర్చున్నాడు. ఎడమచెయ్యి ఆయనకు తెలియకుండానే తొడ మీద ఆడుతోంది. వేగం పెరిగింది. చరణం తిరిగింది. తాళాలు తడబడటానికి ఒక్క రెప్పపాటు ముందు, ఎవరూ పిలవకుండానే, పెట్టెలోని ఎడమచెయ్యి తొందరపడి పడిపోయింది. తొడ మీద ఆడుతున్న నాయన చెయ్యి మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

"మళ్ళీ పెట్టు."

వెనక్కి తిప్పి పెట్టాను. మళ్ళీ అంతే. ముందు మద్దెల. దాని వెంట, పాపం దాన్ని నమ్ముకుని, తాళం.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పెట్టె గెలిచింది! ఊరంతా పీట అన్న పెట్టె! మరుక్షణం నాయన మొహం చూశాను. ఆయన్ని గెలిపిద్దామని ఇంత దూరం వచ్చి, నా చేతులతో నేనే ఓడించాను. టేప్ ఆపేశాను. నాయన తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇది నేనే పాపా," అన్నాడు. "నా చెయ్యే. నేనే తప్పినా."

టువాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. వంటింట్లోంచి అమ్మ వచ్చి, "యాడికి పోతాండాడు మీ నాయన?" అంది. ఇద్దరం వాకిట్లోకి పరిగెత్తాం. నాయన చేను వైపు పోలేదు. మామ ఇంటి వైపు, ఇన్నేళ్ళుగా తొక్కని సందులోకి మళ్ళాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అక్కడ జరిగింది మామ బతికినంతకాలం అందరికీ చెప్పేవాడు. నాయన వాకిట్లోనే నిలబడి, ముందూ వెనకా లేకుండా, వీధంతా వినపడేలా, "బావా, ఎడమచెయ్యి వినపడింది. నేనే తప్పినా. రా, విందువు," అన్నాడట. మామ అన్నం తింటున్నవాడు తింటున్నట్టే లేచాడట.

ఇద్దరూ కలిసి సందు మలుపు తిరగడం చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. మామ గదిలోకొచ్చి మూటలను చూశాడు, పెట్టెను చూశాడు, నా తల మీద చెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ చోటు రాగానే వేలెత్తాడు.

"అదో! చెప్తి గదప్పా ఆ పొద్దే!"

"చెప్తివి బావా. నాకు చెవులు ల్యాకపోయా."

మామకు అది చాలలేదు. నిర్దోషి అని తేలినవాడు ఇంట్లో కూర్చుంటాడా? వీధిలోకి పోయి, ఊళ్ళో మిగిలిన గుంపువాళ్ళందర్నీ పిలుచుకొచ్చాడు. ఆ రోజు పంచలో నవ్వినవాళ్ళందరూ మూటల మీద, గడప మీద, కిటికీ బయటా చేరారు. ఆ చోటు మళ్ళీ మళ్ళీ పెట్టించాడు మామ. పెట్టిన ప్రతిసారీ నాయనే ముందుగా చెయ్యెత్తి, "ఈడ్నే, ఈడ్నే తప్పినా!" అని అరిచేవాడు. ఒప్పుకోవడంలో కూడా ఆయనే పెద్ద గొంతు. గది పకపకా నవ్వింది. ఈసారి నాయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. అమ్మ అందరికీ వేయించిన శనక్కాయలు, బెల్లం పంచింది. అన్నకు రెండుసార్లు పెట్టింది.

అప్పుడు చూశాను, మామ పంచె మొలలో ఏదో దోపుకుని వచ్చాడు. గుడ్డ విప్పితే తాళాలు. చింతపండుతో తోమినట్టు మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళూ వాటిని ఎవరు తోముతున్నారో ఎవరూ అడగలేదు.

"మొదటి నుంచి పెట్టు పాపా," అన్నాడు.

పెట్టాను. మామ తాళం అందుకున్నాడు. మద్దెల లేదు కాబట్టి నాయన ఒక శనక్కాయ మూటను ముందుకు లాక్కున్నాడు. ఎడమచెయ్యి దాని మీద, కుడిచెయ్యి కిటికీ చెక్క మీద. వేగం పెరిగింది. గదిలో నవ్వులు ఆగాయి. చరణం తిరిగింది, ఆ చోటు వచ్చింది. పెట్టెలోని నాయన తొందరపడ్డాడు. మూట ముందున్న నాయన పడలేదు. చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు, పట్టుకుని, సరిగ్గా పడాల్సిన చోట వేశాడు. మామ తాళం పెట్టె వెంట పోలేదు. నాయన వెంటే పోయింది.

నేను లేచి పెట్టె గొంతు పూర్తిగా తగ్గించేశాను. వాళ్ళు ఆపలేదు.